పాకవిద్య

నలపాకము, భీమపాకము అను మాటలు వినని తెలుగువారుండరు. విందునందు వంటకము మిక్కిలి రుచిగా నున్నపుడు పెద్దలు "ఇది నలపాకము" అని మెచ్చుకొందురు. నలుడు నిషధదేశమునకు రాజు. భీముడు గదాయుద్ధమున సాటిలేని వీరుడు. ఇట్టివారి పేర్లు వంటతో ముడిపడుటకు కారణము కలదు. నలుడు జూదమున రాజ్యమును కోల్పోయి, రూపము మారి, బాహుకుడను పేర ఋతుపర్ణ మహారాజు కొలువున చేరినపుడు అతనికి అక్కరకు వచ్చినవి అశ్వవిద్యయు, పాకవిద్యయు. దమయంతి బాహుకుడు వండిన పదార్థమును తెప్పించి రుచి చూచి, ఆ రుచి నలుని చేతిదేయని గుర్తించినది. అజ్ఞాతవాస కాలమున భీముడు వలలుడను పేర విరాటరాజు వంటశాలలో ఒక సంవత్సరము గడపెను. రాజ్యము పోయినది, కిరీటము పోయినది, పేరు సైతము దాచుకొనవలసి వచ్చినది. చేతనున్న విద్య మాత్రము పోలేదు.

వంట స్త్రీలకే తగిన పని యనుకొనుట పొరపాటని ఈ కథలే చెప్పుచున్నవి. ఆకలి యెల్లరకును కలదు. కావున వంటయు నెల్లరును నేర్వదగినదే. నేటి బాలబాలికలు రేపు చదువు నిమిత్తమో, ఉద్యోగము నిమిత్తమో ఇల్లు విడిచి పరస్థలమున నివసింపవలసి యుండును. ఇంటియందే యున్నను, తల్లికి జ్వరము వచ్చిన దినమున పొయ్యి వెలిగించువారు కావలయును గదా! ఆ దినమున నేర్చుకొందమన్న నేర్చుటకు వ్యవధి యుండదు.

వంట తెలిసినవారు రెండు విధములుగా నుందురు. కొందరు ఒక వంటకమును ఎవరో చెప్పినట్లు కంఠస్థము చేసి, ఆ సామగ్రి యున్నప్పుడే చేయగలరు. చింతపండు లేదన్నచో వారి చేయి ఆగిపోవును. మరికొందరు ఏ వస్తువు ఏ పని చేయుచున్నదో తెలిసికొని, ఒకటి లేనప్పుడు మరియొకదానితో పని నెరవేర్చుకొందురు. గణితమున లెక్కను బట్టీపట్టిన విద్యార్థికిని, సూత్రమును గ్రహించిన విద్యార్థికిని ఎంత భేదమో, వీరికిని అంత భేదము. మొదటివానికి అంకెలు మారిన చాలును, చెమటలు పట్టును. రెండవవాడు ఏ అంకెలనిచ్చినను నిబ్బరముగా కూర్చుండి లెక్క చేయును. ఆ నిబ్బరము పుట్టుకతో వచ్చునది కాదు. మెట్టు మెట్టుగా సంపాదించుకొనవలసినది.

మొదటి మెట్టు చూచుట. చేటలోని బియ్యమున మట్టిగడ్డలు ఏరుట, పప్పు కడుగుట, ఆకుకూరను మూడు నీళ్లలో జాడించుట, కొబ్బరి తురుముట మొదలగు చిన్న పనులు చేయుచు పెద్దల ప్రక్కన నిలిచినవారికి వంట సగము వచ్చినట్లే. చూచుట యనగా కంటితో మాత్రమే కాదు. ఎసరు కాగునపుడు పుట్టు చప్పుడు వేరు, తెర్లునపుడు పుట్టు చప్పుడు వేరు. వేగిన మినపప్పు వాసన వేరు, మాడిన మినపప్పు వాసన వేరు. చేయి తిరిగిన వంటవారు చెవిని, ముక్కును కూడ కన్నులవలె వాడుకొందురు.

రెండవ మెట్టు కొలత. పెద్దలు "చిటికెడు ఉప్పు, చారెడు పప్పు, పిడికెడు బియ్యము" అని చేతితోనే కొలుతురు. అది కొలతలేమి కాదు. ఏండ్ల తరబడి చేయగా చేతికి పట్టుబడిన కొలత. క్రొత్తగా నేర్చువారు గిన్నెతోను, చెంచాతోను కొలుచుకొనుట మంచిది. కొలతలో ముఖ్యమైనది నిష్పత్తి. ఒక గిన్నెడు బియ్యమునకు సుమారు రెండు గిన్నెల నీరు పోయుదురు. ఆ గిన్నె చిన్నదైనను, పెద్దదైనను నిష్పత్తి మారదు. కాని బియ్యము మారిన నీరు మారును. క్రొత్త బియ్యమునకు తక్కువ నీరు చాలును. పాత బియ్యము ఎక్కువ నీటిని పీల్చి బాగుగా ఒదుగును. కావుననే ఒక ఇంటి కొలత మరియొక ఇంట అక్షరాల సరిపడదు. కొలతను గౌరవింపవలెను, కాని కొలతకు బానిస కారాదు.

మూడవ మెట్టు కారణము తెలిసికొనుట. నిత్యము చేసుకొను పప్పునే తీసికొందము. కందిపప్పును అరగంటసేపు నానబెట్టినచో త్వరగా ఉడుకును. నీరు ముందే లోనికి చేరుటయే దీనికి కారణము. పప్పు బాగుగా ఉడికిన పిదపనే చింతపండు పులుసు పోయవలెనని పెద్దలు చెప్పుదురు. ఇది వట్టి ఆచారము కాదు. గింజలోని కణములను ఒకదానితో ఒకటి అంటించి యుంచు పెక్టిన్ అను పదార్థము వేడినీటిలో కరుగుటవలననే పప్పు మెత్తబడును. పులుపు ఆ పదార్థమును సులభముగా కరుగనీయదు. ముందే పులుసు పోసినచో పప్పు ఎంతసేపు ఉడికినను పలుకుగానే నిలుచును. సున్నపు లవణములు అధికముగా గల నీటిలోను పప్పు ఆలస్యముగా ఉడుకుటకు కారణమిట్టిదే.

ప్రెషర్ కుక్కరులో పప్పు శీఘ్రముగా ఉడుకుటకును కారణము కలదు. తెరచిన పాత్రలో నీరు సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. మంట ఎంత పెంచినను నీటి వేడిమి అంతకు మించదు. ఆవిరిని బంధించినచో ఒత్తిడి పెరిగి, లోపలి వేడిమి 120 డిగ్రీల దాపునకు చేరును. 1679లో డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ సూత్రముపైననే ఒక పాత్రను నిర్మించెను. నేటి కుక్కరునకు మూలమదియే. దీనికి విపర్యయముగా, లేహ్ వంటి ఎత్తైన ప్రదేశములందు గాలి ఒత్తిడి తక్కువ గనుక నీరు 100 డిగ్రీలకు చేరకమునుపే మరుగును. అక్కడ తెరచిన గిన్నెలో పప్పు ఉడుకుట మిక్కిలి ఆలస్యము.

ఇక పోపు సంగతి. నూనె కాగిన పిమ్మట వేగుటకు ఎక్కువసేపు పట్టు మినపప్పు వంటివి ముందు వేసి, త్వరగా మాడిపోవు ఇంగువ, కరివేపాకు వంటివి కడపట వేయుదురు. వేడికి ఆవగింజలోని తేమ ఆవిరియై పైపొట్టును పగులగొట్టుటచే చిటపట ధ్వని పుట్టును. పోపులో వేగిన ఆవాలకు ఘాటు తక్కువ. ఆ ఆవాలనే నీటితో నూరినచో ముక్కున నీరు తెప్పించు ఘాటు పుట్టును. నూరినపుడు గింజలో వేరువేరుగా నున్న రెండు పదార్థములు కలిసి ఘాటును పుట్టించును. కాగిన నూనెలో వానిలో నొకటి చెడిపోవును. కావుననే ఆవపెట్టిన కూర వండువారు కూరను పొయ్యిపైనుండి దింపిన తరువాతనే నూరిన ఆవను కలుపుదురు. శాస్త్రగ్రంథమును చూడని అవ్వలు సైతము అనుభవముచే ఈ రహస్యమును గ్రహించిరి.

కారణము తెలిసిన తరువాత నాల్గవ మెట్టు సులభము. అది స్వతంత్రముగా మార్పు చేయుట. పప్పునకు ఒక చట్రము కలదు. ఉడికిన పప్పు, దానికొక కూరయో ఆకో, కొంత పులుపు, ఉప్పు, కారము, పోపు — ఇంతియే. ఈ చట్రము చెడకుండ ఒక్కొక్క అంగమును మార్చవచ్చును. తోటకూర బదులు బచ్చలికూర, దోసకాయ బదులు సొరకాయ వాడవచ్చును. చింతపండు స్థానమున మామిడికాయ, చింతచిగురు, గోంగూర, టమాట, నిమ్మరసము నిలుచును. కాని ఒక్కొక్క దాని స్వభావము వేరు. నిమ్మరసమును మరిగించినచో దాని సువాసన నశించును. కావున దానిని దింపిన పిదప పిండవలెను. మజ్జిగను ఊరక కాచినచో విరుగును. కావున మజ్జిగపులుసునకు కొంచెము సెనగపిండి కలుపుదురు. గోంగూర తానే పుల్లనిది గనుక దానితో పాటు చింతపండు అక్కరలేదు. ఆరంభమున ఒక్కసారికి ఒక్క అంగమునే మార్చవలెను. నాలుగింటిని ఒకేసారి మార్చినచో, రుచి కుదిరినను చెడినను, అది దేనివలన జరిగినదో తెలియదు.

ఈ మెట్లన్నియు ఒక బాలుని ఉదాహరణమున చూడవచ్చును. ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు సెలవుదినములలో తల్లి వంట చేయుచుండగా పప్పు ఏరుట, కూరలు తరుగుట అలవాటు చేసికొనెను. ముద్దపప్పును, అన్నమును తల్లి ఎదుట రెండు మూడుసార్లు వండెను. ఒకనాడు తండ్రి పనిమీద పొరుగూరు వెళ్లియుండగా తల్లికి తీవ్రముగా జ్వరము వచ్చినది. వైద్యుడు మందిచ్చి, మెత్తని ఆహారము పెట్టుడని చెప్పిపోయెను. ఇంట చూపు మందగించిన నాయనమ్మయు, ఆరేండ్ల చెల్లెలును గలరు. ప్రొద్దెక్కినకొలది చెల్లెలు ఆకలియని ఏడ్వసాగెను. తల్లి లేవబోయి, కన్నులు తిరిగి మరల మంచముపై వ్రాలెను. బాలుడు తల్లిని పండుకొమ్మని చెప్పి వంటయింటిలోనికి నడచెను.

కంగారులో అతడు కొలత మరచి బియ్యమున నీరు అధికముగా పోసెను. అన్నము చిమిడిపోయినది. బాలునికి కన్నీరు వచ్చినంత పనియైనది. వసారాలో కూర్చున్న నాయనమ్మకు గిన్నెమూత పెట్టిన చప్పుడును, ఆపై నిశ్శబ్దమును వినవచ్చెను.

"ఏమి నాయనా, అన్నము చిమిడినదా?" అని ఆమె అడిగెను.

"అవును నాయనమ్మా, అంతయు పాడైనది" అని అతడు బదులు చెప్పెను.

"పాడగుట ఎందుకు? జ్వరము పడిన మనిషికి అంతకంటె మంచి అన్నమేమి? మరికొన్ని వేడినీళ్లు పోసి మెదిపి, ఉప్పు వేసి మీ అమ్మకు జావవలె పెట్టుము. మనకు మరల పిడికెడు బియ్యము వేయుము."

బాలుడట్లే చేసెను. రెండవసారి నీటిని గిన్నెతో కొలిచి పోసెను. పప్పు ఉడికినది, కాని డబ్బాలో చింతపండు లేదు. చెల్లెలికి వట్టి ముద్దపప్పు సహింపదు. ఏమి చేయుట యని అతడు చుట్టును చూడగా పెరటి చెట్టున మామిడికాయలు కనబడెను. తల్లి పప్పులో చింతపండు వేయుట పులుపు కొరకే గదా యని అతనికి తోచెను. ఒక కాయను కోసి తెచ్చి, చిన్న ముక్క కొరికి చూచెను. అది మిక్కిలి పుల్లగా నుండెను. కాయనంతయు వేయక సగము మాత్రమే తరిగి, కొంచెము నీటిలో ఉడికించి పప్పులో కలిపెను. రుచి చూచి, చాలదనిపించి, మరి నాలుగు ముక్కలు ఉడికించి చేర్చెను. ఆపై ఉప్పు, కారము వేసి పోపు పెట్టెను. ఆవాలు చిటపటలాడగానే నాయనమ్మ వసారానుండి "చాలు, దింపుము" అని కేక వేసినది. ఆమె కన్నులు చూడకున్నను చెవులు చూచినవి.

చెల్లెలు రెండుమారులు పప్పన్నము అడిగి తినెను. తల్లి జావ త్రాగి, ఆ సాయంకాలము ఒక ముద్ద పప్పన్నము కూడ రుచి చూచి, "ఇందులో మామిడికాయ వేయుమని నీకెవరు చెప్పిరి?" అని అడిగెను. ఎవరును చెప్పలేదు. చెప్పకయే తెలియుట ఆనాడు అతనికి మొదటిసారి కలిగినది.

ఈ బాలుడు చేసిన పనిలో గొప్ప రహస్యమేమియు లేదు. పులుపు ఏ పని చేయుచున్నదో అతనికి తెలియును. క్రొత్త వస్తువును వేయుటకు మునుపు రుచి చూచెను. మొదట కొంచెమే వేసెను. తక్కువైనదానిని మరల వేయవచ్చును. ఎక్కువైనదానిని తిరిగి తీయజాలము. వంటలో సాహసమునకు హద్దు ఈ ఒక్క మాటయే.

అయినను పొరపాట్లు తప్పవు. ఉప్పు ఎక్కువైనచో, ఉప్పు వేయని పప్పునో కూరముక్కలనో మరికొన్ని చేర్చి సరిచేయవచ్చును. పులుపు మించినచో కొంచెము బెల్లము దానిని అణచును. కారము మించినచో పెరుగు కలుపుకొనవచ్చును. మిరపలోని మంట పుట్టించు పదార్థము నీటిలో సులభముగా కరుగదు గనుక నీరు త్రాగిన మంట తగ్గదు, పాలు పెరుగుల వలన తగ్గును. కాని మాడిన వాసనను పోగొట్టుటకు మందు లేదు. అడుగంటినపుడు గరిటతో గోకక, పైభాగమును మాత్రము వేరొక గిన్నెలోనికి వంచుకొనవలెను. ప్రతి పొరపాటును ఒక పాఠముగా గుర్తుంచుకొన్నవాడు అదే పొరపాటును రెండవసారి చేయడు.

కొందరు "మన వంటలు అనాదిగా నిట్లేయున్నవి, మార్పు చేయరాదు" అందురు. చరిత్ర మరియొక విధముగా చెప్పుచున్నది. నేడు మిరపకాయ లేని తెలుగు వంటను ఊహింపజాలము. మిరపపంటకు గుంటూరు పెట్టినది పేరు. అట్టి మిరప ఈ దేశపు మొక్కయే కాదు. అది అమెరికా ఖండమున పుట్టినది. 1498లో వాస్కో డ గామా కోళిక్కోడు తీరమునకు వచ్చిన తరువాత పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు చేరినది. అంతకు ముందు మన పూర్వులు కారమునకు ముఖ్యముగా మిరియములను వాడిరి. మిరియమునుండియే మిరపకు పేరును పెట్టుకొనిరి. టమాట, బంగాళాదుంప కూడ అట్లు వచ్చినవే. క్రొత్త కాయను చేతబట్టుకొని, "దీనిని పచ్చడి చేసి చూతము" అని తలచిన పేరు తెలియని గృహిణి యొకతె ఏనాడో ఉండియుండవలెను. ఆమె ధైర్యమే నేటి మన ఆచారము.

ధైర్యమనగా అజాగ్రత్త కాదు. పొయ్యి దగ్గర వ్రేలాడు బట్టలతో నిలువరాదు. మొదటి దినములలో పెద్దలు దగ్గర లేకుండ నూనె కాచరాదు. నూనె అంటుకొన్నచో నీరు పోయరాదు. నీరు పోసినచో మండుచున్న నూనె నలువైపుల చిమ్మును. మంట ఆర్పి, గిన్నెపై మూత పెట్టినచో గాలి అందక అదియే ఆరిపోవును. వంటగ్యాసునకు సహజముగా వాసన లేదు; కారిన వెంటనే తెలియుటకై దానిలో ఘాటైన వాసనగల పదార్థమును కలుపుదురు. ఆ వాసన తగిలినచో అగ్గిపుల్ల గీయరాదు. విద్యుత్తు మీటలను ముట్టరాదు. రెగ్యులేటరు కట్టి, తలుపులు కిటికీలు తెరచి, పెద్దలకు తెలుపవలెను. కుక్కరులోని ఆవిరి పూర్తిగా పోకుండ మూత తీయరాదు. చేతులు కడుగుకొనకుండ వంటకు పూనుకొనరాదు. వండిన అన్నమును వేసవిలో గంటల తరబడి బయట నుంచరాదు. ఉడికినను చావని సూక్ష్మజీవులు కొన్ని అందులో పెరిగి వాంతులు కలిగించును.

వంట నేర్చినవానికి మరియొక లాభము కలదు. అతడు పళ్లెములోని అన్నమును నిర్లక్ష్యముగా వదలివేయడు. ఒక గిన్నెడు పప్పు వెనుక ఎంత శ్రమ యున్నదో అతనికి చేతులు కాల్చుకొని తెలిసినది. తల్లి ప్రతిదినమును, పండుగనాడును, ఒంట్లో బాగులేని నాడును ఆ శ్రమ చేయుచున్నదని అతడు గ్రహించును. కూరలో ఉప్పు చాలనినాడు కసరుకొనుటకు మారుగా లేచి ఉప్పుడబ్బా తెచ్చును.

కావున బాలబాలికలు వారమున కొక్కదినమైనను వంటయింట అడుగు పెట్టవలెను. మొదట ఒక్క వంటకమును చక్కగా నేర్చి, దాని కారణములను పెద్దలనడిగి తెలిసికొని, పిదప దానిలో ఒక్క మార్పు చేసి చూడవలెను. నిషధరాజునకు కష్టకాలమున తోడు నిలిచిన విద్య ఇది. దీనిని నేర్చుటకు రాజ్యము పోవునంతవరకు ఆగనక్కరలేదు.